చందువ అని పెట్టిన చేప

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరం తాతయ్య కంచం వైపే చూస్తూ గడిపిన రోజులు కొన్ని ఉన్నాయి. రాయపూర్ కొత్తగా రాజధాని అయిన కాలం. నాన్న ఉద్యోగం వల్ల మేం అక్కడి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. తాతయ్యకు టైఫాయిడ్ తగ్గింది కానీ అన్నం సయించడం లేదు. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చాల్సిందే అన్నాడు డాక్టరు. అంతకు ముందే ఆస్పత్రికి వెళ్లిన నాయనమ్మ తిరిగి రాలేదు. ఆ మాటంటేనే మాకు భయం.

తాతయ్యది భీమిలి దగ్గర సముద్రపొడ్డు ఊరు. ఆయన అడిగేది ఒక్కటే, చందువ పులుసు.

చందువ గుండ్రంగా, పల్చగా, వెండి పళ్లెంలా మెరుస్తుంది. నడిమి ముల్లు తీసేస్తే మిగతాదంతా కండే. అందుకే మా వైపు పిల్లలకూ ముసలివాళ్లకూ ధైర్యంగా పెడతారు. కానీ సముద్రం ఎక్కడ, రాయపూర్ ఎక్కడ! నాన్న బజారంతా తిరిగి చివరికి రూప్‌చంద్ తెచ్చాడు. అది చెరువుల్లో పెంచే చేప. ఆకారం చందువలాగే ఉంటుందని అక్కడివాళ్లు దాన్నీ పాంప్లెట్, అంటే చందువ, అనే అమ్మేవారు. దాని నోట్లో మనిషి పళ్లలాంటి పళ్లు చూసి నేను జడుసుకున్నాను. అమ్మ తల తీసి పారేసి పులుసు పెట్టింది. తాతయ్యకు చూపు ఆనదు కనక చందువ అనే చెబుతానని, నన్ను నోరు మెదపొద్దని గట్టిగా చెప్పింది.

"చందువ దొరికింది మావయ్యా" అని అమ్మ అనగానే తాతయ్య మొహం విప్పారింది. పెద్ద ముద్ద కలిపి ఆత్రంగా మింగాడు. రెండో ముద్దకు గొంతు పట్టుకున్నాడు. మాట లేదు, కళ్ల నిండా నీళ్లు. అమ్మ వట్టి అన్నం ముద్ద మింగించింది. అరటిపండు పెట్టింది. ముల్లు దిగలేదు. నాన్న ఆటో కోసం పరుగెత్తాడు. నేను గోడకు అంటుకుపోయాను. తాతయ్య మాకు దక్కడనే అనుకున్నాను.

ఆటో వాకిట్లోకి వచ్చేసరికి దగ్గు తెర వచ్చి ముల్లు బయటపడింది. సన్నగా, చివర రెండుగా చీలి ఉంది. చందువ కండలో అలాంటి ముల్లు ఉండదు.

అమ్మ ఏడుస్తూ అసలు సంగతి చెప్పేసింది. తాతయ్య మండిపడతాడనుకున్నాను. ఆయన ఊపిరి కూడదీసుకుని, "పేరు చెప్పుంటే ముల్లేరుకుని తిందును కదమ్మా" అన్నాడు. కాసేపాగి ఇంకో రూప్‌చంద్ ముక్క వెయ్యమన్నాడు. వేళ్లతో తడుముకుంటూ, ఒక్కో ముల్లూ కంచం అంచున పెట్టుకుంటూ నిదానంగా తిన్నాడు.

అమ్మ చేసింది ప్రేమతోనే, అందులో నాకు అనుమానం లేదు. ఇప్పుడు మంచం మీద ఉన్నది అమ్మ. జబ్బు పేరు ఆవిడకు తెలియనివ్వద్దని బంధువులంతా నాకు నూరిపోశారు. నేను పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఆ పేరు చెప్పేశాను. అమ్మ తలగడ ఆనుకుని లేచి కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, "అయితే ఇక నేనేం జాగ్రత్తలు తీసుకోవాలే?" అని అడిగింది.