ఉప్పు తక్కువైన పులిహోర

మా బిల్డింగ్‌లో ఎలీశమ్మ గురించి ఒక మాట తిరిగేది. రెండేళ్ల కిందటి వినాయక చవితికి ఇచ్చిన లడ్డు ప్రసాదాన్ని ఆమె కుక్కకు వేసిందని. ఆ లడ్డు ఇచ్చిందెవరో మాత్రం తేలదు. పక్క పోర్షన్ ఇంద్రాణి ఆంటీని అడిగితే సుమిత్రమ్మ గారంటుంది. సుమిత్రమ్మ గారు ఇంకెవరి పేరో చెబుతారు.

ఎలీశమ్మ పై అంతస్తులో ఒక్కతే కిరాయికి ఉండేది. ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో ఆయా. అమ్మను చూపించడానికి అక్కడికి వెళ్లినప్పుడు ఆమెను గుర్తుపట్టలేకపోయాను. మంచం మంచానికీ తిరుగుతూ, "ఏం తాతా, ఇంటికి పోబుద్ధి అయితలేదా? మా తిండి గంత మంచిగుందా?" అని నవ్విస్తోంది. అదే మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో మా మెట్లు ఎక్కేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ఎక్కేది. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లు ఆమె దాటేదాకా మాట ఆపేవారు. మనిషి చిక్కిపోయింది. సరిగ్గా తినడం లేదని, నిద్రా లేదని ఓనరమ్మతో అన్నదట. చివరికి నాదర్‌గుల్‌లో గది చూసుకున్నానని, నెలాఖరుకి ఖాళీ చేస్తానని చెప్పేసింది.

ఆ వారంలోనే కింది పోర్షన్ ఇందిరాదేవి గారి మనవడి పుట్టినరోజు. ఆవిడది కాకినాడ వైపు. పులిహోర గిన్నెలు ఇంటింటికీ ఇచ్చి రమ్మని నాకు పని చెప్పారు.

"ఎలీశమ్మకి వద్దులే. ఆవిడ మనింట్లోది తినదు," అన్నారు.

తలూపాను. తీరా పైకి వెళ్తే సుమిత్రమ్మ గారి తలుపుకి తాళం. చేతిలో గిన్నె మిగిలింది. ఎదురు గదిలో ఎలీశమ్మ సామాను మూట కడుతోంది. నన్ను చూసి లేచింది. గిన్నె ముందుకు చాచాను.

"నాకేనా బిడ్డా?"

"అవునండి."

గుమ్మంలోనే కూర్చుని మొత్తం తినేసింది. "మంచిగుంది. ఉప్పే జర తక్కువైంది," అంది.

మా బిల్డింగ్‌లో గిన్నె ఖాళీగా తిరిగి పంపరు. మర్నాడు ఆమె అందులో సర్వపిండి రొట్టె పెట్టి నా చేతికిచ్చింది. ఇందిరాదేవి గారు ఎక్కడిదని అడిగితే చెప్పాను. ఉప్పు సంగతి కూడా నోరు జారాను.

"నా పులిహోరకే వంక పెట్టిందా?" అంటూ ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. ఇంకో ముక్క తుంచారు. తర్వాత పైకి చూసి కేకేశారు. "ఏమ్మా ఎలీశమ్మా, నా ఉప్పు సరే, నీ కారం సంగతేంటి? నోరు మండిపోతోంది. ఓసారి కిందికి రా."

ఎలీశమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. "కారం లేకుంటే అది సర్వపిండి ఎట్లయితదక్కా?"

ఆ సాయంత్రం ఎవరూ మాట ఆపలేదు. నెలాఖరు వచ్చింది, పోయింది. ఆమె మూటలు విప్పేసింది. ఇప్పుడు మెట్లెక్కుతుంటే చెప్పుల చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తుంది.

ఒకరోజు ఇందిరాదేవి గారు ఉండబట్టలేక అడిగేశారు. "ఆ చవితి లడ్డు కుక్కకెందుకు వేశావమ్మా?"

"ఏ లడ్డక్కా?"

"నువ్వొచ్చిన ఏడాదిదే."

ఎలీశమ్మ ఈ బిల్డింగ్‌లో దిగింది ఆ ఏడాది దీపావళి వెళ్లాక. చవితికి ఆ గదిలో ఉన్నది కోచింగ్ కుర్రాళ్లు.