తొట్టిలోంచి తీసిన రాళ్లు

పదేళ్లు దాటింది. ఈ సంగతి లోపల పెట్టుకునే తింటున్నాను, నవ్వుతున్నాను. బరువు అలవాటైపోయింది. అదే నాకు భయం. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా ఆయన ఆత్మకూరులో బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. నేను హాస్టల్లో వంట చేసేదాన్ని. వచ్చిన డబ్బుతో ఉదయగిరి కొండ కింద రాళ్ల నేల కొని అడవి చెట్లు నాటాం. ఊళ్లో నవ్వారు. కుందేళ్లు వచ్చాయి, చివరికి నక్కలు కాపురం పెట్టాయి. నక్క కూసిందంటే ఆయన తింటున్న ముద్ద ఆపి వినేవాడు.

ఎండాకాలం వాటి నీళ్లకు సిమెంటు తొట్టి కట్టాం. చిన్న ప్రాణి పడినా ఎక్కి రావాలని లోపల మెట్లలా రాళ్లు పేర్చాడు. కడిగినప్పుడల్లా రాళ్లు మళ్లీ పెట్టమని చెప్పేవాడు.

ఒకరోజు పాచి కడగడానికి రాళ్లు తీశాను. గుంతలు తవ్వేవాళ్లకు వంట చేయాల్సి వచ్చి, వాటినే పొయ్యికి పెట్టాను. చల్లారాక తొట్టిలో వేద్దామనుకున్నాను. వేయలేదు. మరిచిపోయానా, బద్ధకించానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు.

తెల్లారి చూస్తే నీళ్లలో రెండు నక్కపిల్లలు చచ్చి తేలుతున్నాయి.

అక్కడితో ఆగి ఉంటే పొరపాటే. వాటిని కొంగుతో తుడిచి పొద పక్కన ఎండలో పడుకోబెట్టాను. మసి రాళ్లు కడిగి తొట్టిలో పెట్టాను. వరికుంటపాడు వెళ్లిన ఆయన మధ్యాహ్నం వచ్చేసరికి వాటి ఒళ్లు ఆరిపోయాయి. గాయం లేదు. ఎవరో విషం మందు పెట్టారన్నాడు. ఆ మాట నా నోటి నుంచి రాలేదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను.

మా నేల మీదుగా వాగుకు గొర్రెలు తోలే మస్తాన్‌ను పిలిపించాడు.

"నీ గొర్రెపిల్లను నక్క ఎత్తుకపోయిందని తిట్టినావు గదరా?"

"తిట్టినా అన్నా. నేను తిడితే చచ్చేటట్టయితే నా గొర్రెల్లో సగం ఎప్పుడో చచ్చుండాల."

ఆయన నవ్వలేదు. మస్తాన్ నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వన్నా చెప్పు. నేను అట్టాంటోణ్ణా?"

"నాకేం తెలుసురా," అన్నాను.

దారి మూసేశాం. అప్పుడే ఆయన నాకు అక్షరాలు నేర్పుతున్నాడు. 'గొర్రెలు తోలరాదు' అని గేటు పలక మీద నా చేతే రాయించి, బాగా రాశావని మెచ్చుకున్నాడు. ఆ ఎండల్లో చుట్టూ తిరిగి నీళ్లకు తోలలేక మస్తాన్ మంద అమ్ముకున్నాడు. ఇప్పుడు అనుమసముద్రంపేట దర్గా ముందు జనం విడిచిన చెప్పులకు కాపలా కూర్చుంటున్నాడు.

ప్రార్థనలో ప్రభువుకు ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అది తేలిక. ప్రభువు వచ్చి మా ఆయనకు చెప్పడు కదా.

మా చెట్లు చూడటానికి బడిపిల్లలు వస్తుంటారు. ప్రతిసారీ ఆయన మస్తాన్ పేరు పెట్టి మందు సంగతి చెబుతాడు. నేను మజ్జిగ పోస్తూ వింటాను. పోయినసారి ఒక పాప నా దగ్గరికొచ్చి, ఆ మనిషి ఇంకా ఇక్కడే తిరుగుతున్నాడా అని భయంగా అడిగింది. లేడన్నాను. ఆ పాప గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోశాను.

ఆయన బయట విత్తనాలు ఏరుతున్నాడు. రాయడం అవగానే పిలిచి చదివి వినిపిస్తాను. ఏమంటాడో తెలియదు. మస్తాన్ మంద తిరిగి రాదు, క్షమించమని అడిగే ముఖమూ నాకు లేదు. నక్కపిల్లలు నా వల్ల చచ్చాయి. మస్తాన్ ఏ మందూ పెట్టలేదు. ఈ ముక్క రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.