ఉత్త చేత్తో

గ్యార బుగ్గమ్మను స్వరాజ్యం టీచరు మొట్టమొదట చూసింది ఇబ్రహీంపట్నం బస్టాండు వెనుక గల్లీలో, పిండిగిర్ని ముందు వరుసలో నిలబడినప్పుడు. దళితవాడ నుంచి వచ్చి, యాచారంలో ఒకరి గిర్నిలో కూలికి పని నేర్చుకుని, బుగ్గమ్మ సొంతంగా పెట్టుకున్న గిర్ని అది. ఊళ్లో అంతకుముందు ఏ ఆడమనిషీ ఆ పనికి పూనుకోలేదు.

గొట్టంలోంచి పిండి జారుతుంటే చిటికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, రాళ్లు బిగించడం ఆమె పద్ధతి. ఆ పద్ధతే తగాదా తెచ్చింది.

"ముట్టకు!" అంది ముందున్న ఇంద్రమ్మ.

బుగ్గమ్మ మోటారు ఆపేసింది. "ముట్టకుంటే బరకనో మెత్తనో నాకెట్ల తెలుస్తదక్కా? నీ పిండే వచ్చి నా చెవుల జెప్తదా?"

ఎవరూ నవ్వలేదు. 'ముట్టకు' అన్న క్రియకు అక్కడ కర్త లేదు, కర్మా లేదు. ఎవరు దేన్ని ముట్టకూడదో చెప్పకుండానే అందరికీ తెలుసు. ఇంద్రమ్మ సగం ఆడిన జొన్నలు ఎత్తుకుని వెళ్లిపోయింది. వరుస ఆమె వెంటే కదిలింది. స్వరాజ్యం టీచరు మాత్రం తన డబ్బా దింపింది.

"ఆడించు. రొట్టె పగలకుండా రావాలి."

"పగిలితే నన్ను తిట్టు, టీచరమ్మా."

ఆ ఏడాది గిర్ని మోగిన రోజులకన్నా మూగబోయిన రోజులే ఎక్కువ. రొట్టెలు మెత్తగా వస్తున్నాయన్న మాట పాకాకే జనం ఒక్కొక్కరుగా తిరిగి వచ్చారు. బుగ్గమ్మ ఎవరినీ ఏమీ అనలేదు, పిండి మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఇప్పుడు గిర్ని మనవరాలు మనోజ చేతిలో ఉంది. మొన్న కొత్త కాలనీ నుంచి వచ్చిన ఒకాయన, "చేత్తో ముట్టకమ్మా, గ్లౌజులు వేసుకో" అన్నాడట. మనోజ వేసుకుంది. వాటితో పిండి తీరు తెలియక, చూడటమే మానేసింది. పిండి బరకగా వస్తోందన్న మాట దవాఖాన మంచం మీదున్న బుగ్గమ్మ దాకా చేరింది.

"శుభ్రత కోసమే అన్నాడేమో, బుగ్గమ్మా," అంది చూడటానికి వచ్చిన టీచరు.

"గట్లనే గావచ్చు. మరి పక్క గిర్ని మల్లేశయ్య గూడ ఉత్త చేత్తోనే చూస్తడు గద, ఆయనకెందుకు జెప్పలే?"

ముప్పై ఏళ్లు వ్యాకరణం బోధించిన టీచరు మంచానికి దగ్గరగా జరిగి కూర్చుంది.

"పిల్ల జడుసుకున్నది. గిర్ని బందువెడ్తదేమోనని నా ఫికరు." బుగ్గమ్మ ఆయాసంతో ఆగి, టీచరు చెయ్యి పట్టుకుంది. "రేపు జొన్నలు వట్కొని పో. లైన్ల నిలవడు. నీ వంతు వచ్చినంక అందరు ఇనేటట్టు చెప్పు — నా పిండి ఉత్త చేత్తోని చూడు బిడ్డా, అని."