శనిగ్రహం సీరియల్‌కు ఆరుగురు అతిథులు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను హైదరాబాద్ ఆఫీసు నుంచి వికారాబాద్‌కు ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేశారు. వికారాబాద్, తాండూరు, ఆ చుట్టుపక్కల మండలాలు నా పరిధి. మాది టీవీలో ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూస్తున్నారో లెక్కపెట్టే సంస్థ. ఏయే ఇళ్లలో లెక్కపెడుతున్నామో బయటికి చెప్పకూడదు. చెబితే ఛానెళ్లవాళ్లు ఆ ఇళ్లకు మిఠాయి పెట్టెలతో బయల్దేరతారు. అందుకని పెళ్లిళ్లలో ఎవరైనా ఏం పని చేస్తుంటారని అడిగితే "లెక్కల పని" అని ఊరుకునేవాణ్ని. వికారాబాద్‌లో మా వీధివాళ్లు నన్ను లెక్కల మాస్టారనుకుని ఇద్దరు పిల్లల్ని ట్యూషన్‌కు కూడా పంపారు. నిజం చెప్పే వీలు లేక ఆరు నెలలు వాళ్లకు భిన్నాలు చెప్పాను.

మా పద్ధతి ఇది. ఎంపిక చేసిన ఇంట్లో టీవీ పక్కన ఒక చిన్న పెట్టె పెడతాం. దాన్ని మీటరు అంటాం. దానికొక రిమోట్ ఉంటుంది, అందులో ఇంట్లోని ప్రతి మనిషికీ ఒక బటన్. టీవీ ముందు కూర్చుంటే తన బటన్ నొక్కాలి, లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. చుట్టాలో పక్కింటివాళ్లో వస్తే వాళ్ల కోసం అతిథి బటన్ ఉంది. అది నొక్కగానే మీటరు రెండు ప్రశ్నలు వేస్తుంది. వయసెంత? ఆడా, మగా? ఆ జవాబులన్నీ మర్నాటికి హైదరాబాద్ చేరతాయి. మీటరున్న ఒక్కో ఇల్లూ తనలాంటి కొన్ని వేల ఇళ్ల తరఫున సాక్ష్యం చెబుతున్నట్టు లెక్క. అందువల్ల తాండూరు దగ్గరి యాలాల్‌లో ఒక వేలు ఒక బటన్ మీద పడితే, హైదరాబాద్‌లో ఎవరి ఉద్యోగమో నిలబడవచ్చు, ఊడవచ్చు.

ఆ యాలాల్‌లో మీటరు పెట్టింది మల్లమ్మ అనే పెద్దావిడ ఇంట్లో. పేరు మార్చాను. గొర్రెల కాపరుల కుటుంబం. ఆమె, కొడుకు బీరయ్య, ఇద్దరే ఉండేవారు. ఆమెకు అక్షరాలు రావు కానీ అంకెలు బాగా వచ్చు. మీటరు వాడకం నేనే అరగంట కూర్చుని నేర్పాను. ప్రతి ఇంట్లో చెప్పినట్టే అక్కడా, టీవీ ముందున్నవాళ్లలో ఒక్కరిని కూడా వదలొద్దని మూడుసార్లు చెప్పాను. మల్లమ్మ తలూపింది. అంత శ్రద్ధగా విన్నవాళ్లను నా సర్వీసులో చూడలేదు.

ఇక సీరియల్ సంగతి. ఆ రోజుల్లో ఒక తెలుగు ఛానెల్లో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు "శనిగ్రహం అవతల" అని వచ్చేది. అంతరిక్ష నౌక ఒకటి దారి తప్పుతుంది. అందులో ఒక కమాండర్, పదిమంది మనుషులు, నీళ్లున్న గ్రహం కోసం వారానికో చోట దిగుతూ పోతుంటారు. నౌక గోడలకు ఇడ్లీ పళ్లాలు బిగించి వెండిరంగు పూశారని చూస్తేనే తెలిసిపోయేది. కిటికీలోంచి ప్రతివారం అదే ఉల్క, అదే వైపు నుంచి వెళ్లేది. విలన్‌కు కొమ్ముల టోపీ. అది తల మీద నిలవదని కాబోలు, ఎంత కోపంలోనైనా మెల్లగా మాట్లాడేవాడు.

ఆ సీరియల్ అంటే నాకు ప్రాణం. ఎందుకని అడిగితే చెప్పలేను. మా ఆవిడ మాత్రం ఆదివారం ఆరున్నర కాగానే "మీ ఇడ్లీ పళ్లాలొచ్చినయి, పోండి" అనేది.

దాన్ని మాత్రం ఎవరూ చూడటం లేదని అందరికంటే ముందు తెలిసేది నాకే. అదే సమయానికి మరో ఛానెల్లో కీళ్లనొప్పుల నూనె అమ్మే కార్యక్రమానికి ఇంతకంటే ఎక్కువ ప్రేక్షకులు ఉండేవారు. ఇరవై ఆరు వారాలకు ఒప్పందం. ఇరవై నాలుగో వారం అంకెలు చూసి పొడిగించాలో ఆపాలో ఛానెల్ తేలుస్తుంది. నేను ప్రతి గురువారం వచ్చే పట్టికలో ఆ వరుసను చూసి, నిట్టూర్చి, ఫైలు మూసేవాణ్ని. నేను చూసినా లెక్కలోకి రాదు. మా సిబ్బంది ఇళ్లలో మీటరు పెట్టరు. సిబ్బంది వేరే ఇంట్లో కూర్చుని చూసినా బటన్ నొక్కకూడదు. రూలు.

పందొమ్మిదో వారం నుంచి ఆ వరుసలో కదలిక మొదలైంది. ఇరవై రెండో వారానికి మా ఆపరేషన్స్ మేనేజర్ సుజాత మేడం ఫోన్ చేశారు. "రాజేశ్వర్ గారూ, మీ యాలాల్ ఆడపిల్లలు శనిగ్రహం మీద పడ్డారండీ!"

చిన్న పట్టణాలు, పల్లెల్లో రెండు నుంచి ఎనిమిదేళ్ల ఆడపిల్లలు ఆ సీరియల్‌ను వదలకుండా చూస్తున్నారని అంకెలు చెబుతున్నాయట. అదంతా ఒక్క మల్లమ్మ ఇంటి నుంచే వస్తోంది. ఛానెల్లో పండగ వాతావరణమట. సీరియల్ పొడిగించడం దాదాపు ఖాయమైంది. నౌకలోకి ఒక చిన్నపాపను ఎక్కించాలని కథ రాసేస్తున్నారు. పిల్లల పాలపొడి కంపెనీవాళ్లు ప్రకటనలు కూడా ఇస్తామన్నారు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఫోన్ పెట్టేసి ఒక్కణ్నే వెళ్లి ప్లేటు మిరపకాయ బజ్జీలు తిన్నాను.

అయితే మా దగ్గర ఒక నియమం ఉంది. ఏ ఇంటి అంకెలైనా ఉన్నట్టుండి పెరిగితే, సరిగ్గా ఆ కార్యక్రమం వచ్చే వేళకు, ముందు చెప్పకుండా వెళ్లి చూడాలి. దీన్ని ఆకస్మిక తనిఖీ అంటాం. ఎవరైనా ఛానెల్‌వాళ్లు ఆ ఇంటిని మచ్చిక చేసుకున్నారేమో తేల్చడానికి. తనిఖీకి బయల్దేరే ముందు నేను ఆ ఇంటి పట్టిక తెరిచాను. అతిథుల వయసులు రెండు, రెండు, నాలుగు, నాలుగు, ఆరు, ఎనిమిది. ప్రతివారం అవే. మూడేళ్ల పిల్ల లేదు, అయిదేళ్ల పిల్ల లేదు. ఒక్క వారం మాత్రం ఎనిమిదేళ్ల మగపిల్లవాడు నాలుగు నిమిషాలు కూర్చుని లేచి వెళ్లాడు. ఇరవై ఏళ్లుగా పట్టికలు చూస్తున్నాను, ఒక్క బేసి సంఖ్యయినా లేకుండా పిల్లల్ని కన్న ఊరు నాకు తగల్లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రైల్లో తాండూరు వెళ్లి, అక్కడ తెలిసినవాళ్ల మోటారుసైకిల్ తీసుకుని యాలాల్ చేరాను. వాన పడుతోంది. ఆరూ ముప్ఫై అయిదుకు మల్లమ్మ ఇంటి తలుపు తట్టాను. లోపల నౌక హుంకారం వినిపిస్తోంది. బీరయ్య తలుపు తీశాడు.

ముందు గదిలో నున్నటి నాపరాళ్ల మీద కాళ్లు జారకుండా గోనె సంచులు పరిచారు. వాటి మీద ఎనిమిది గొర్రెలు. గోడవారగా మంచం మీద మల్లమ్మ, చేతిలో మా రిమోట్. ఒక్క ఆడపిల్ల కూడా లేదు.

"గాలికి దొడ్డి రేకులు లేసిపోయినయి సారు," అన్నాడు బీరయ్య సిగ్గుపడుతూ. "ఈనెటియి, ఈనినయి వానల తడిస్తే బతకయని ఇంట్ల కట్టేసినం."

నేను మల్లమ్మను అతిథులెక్కడని అడిగాను. ఆమె రిమోట్‌తో గొర్రెలను చూపించింది.

"గియే గద. ఒక్కరిని గూడ ఇడువొద్దంటివి. నేనైతే ఒక్కదాన్ని ఇడువలే."

నేను నోరు తెరిచేలోపే ఆమె వివరం కూడా చెప్పింది. "అన్నీ నొక్కలే కొడుకా. సూసేటియే నొక్కిన. గా నల్లమూతిది గోడ దిక్కు మొకం పెడ్తది, దాన్ని నొక్కలే. దాని పక్కది పండుకుంటది, దాన్ని గూడ నొక్కలే. అబద్ధం నొక్కుడు నాతోని గాదు."

నేను చూశాను. తెర మీద నక్షత్రాలు మిణుకుమనగానే ఆరు గొర్రెలు నెమరు ఆపి తలలెత్తాయి. నల్లమూతిది గోడనే చూస్తోంది. నా సర్వీసులో ఎందరో డిగ్రీలు చదివినవాళ్లు వంటింట్లో ఉండి కూడా బటన్ నొక్కి ఉంచారు. ఇంత నిక్కచ్చిగా నొక్కిన మనిషి ఈమె ఒక్కతే.

"మరి వయసులు ఎట్ల తెలిసినయి అవ్వా?" అని అడిగాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "పండ్లు జూస్తే తెల్వదా? గియి రెండు పండ్లయి. గియి నాలుగు. గిది ఆరు. గిది నిండు నోరు, ఎనిమిది." గొర్రె వయసును కాపరులు కింది దవడ ముందుపళ్లను బట్టి చెబుతారు. మీటరు వయసు అడిగింది, ఆమె చెప్పింది. ఆ ఎనిమిదేళ్ల మగపిల్లవాడు పొట్టేలు. విలన్ కొమ్ముల టోపీ చూసి టీవీ మీదికి పోబోతే, నాలుగు నిమిషాలకే బయట కట్టేశారు.

నేను తనిఖీ ఫారం తీసి నింపడం మొదలుపెట్టాను. కానీ తెర మీద కమాండర్ కొత్త గ్రహం మీద దిగుతున్నాడు. డ్యూటీలో ఉండి టీవీ చూడకూడదు. కాసేపు నిలబడి చూశాను, తర్వాత మంచం చివర కూర్చుని చూశాను.

"నీకు గూడ మంచిగనిపిస్తదా?" అంది మల్లమ్మ. "నాకు మస్తు ఇష్టం. మేం గూడ ఎండాకాలం గట్లనే పోతుంటిమి, నీళ్లున్న కాడికి మందను దోలుకొని. గాయన తిప్పలు నాకు తెలుసు. నీ వయసు జెప్పు, నొక్కుత."

"నన్ను నొక్కొద్దు అవ్వా. రూలు లేదు."

మర్నాడు వికారాబాద్ ఆఫీసులో ఆ ఫారం ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. "అతిథులు ఆరు, తెర వైపు శ్రద్ధగా చూస్తున్నట్టు గమనించడమైనది" అని రాస్తే అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. సీరియల్ బతుకుతుంది. ఆ వాక్యాన్ని విడిగా చిత్తు కాగితం మీద రాసి చూసుకున్నాను కూడా. చక్కగా ఉంది. కానీ గోడ వైపు చూసిన గొర్రెను నొక్కని మనిషి ఇంటి నుంచి వచ్చి, అలాంటి కాగితం పంపడానికి నాకు సిగ్గేసింది. చిత్తు చించేసి, ఫారంలో జరిగింది జరిగినట్టు రాశాను. ఆడ, మగ గడులు తప్ప మరో గడి లేనందువల్ల, రిమార్కుల్లో "గొర్రెలు" అని రాసి సంతకం పెట్టాను.

సుజాత మేడం ఫోన్ చేసి, నేను తనిఖీకి వెళ్లానా సంతకు వెళ్లానా అని అడిగారు. తర్వాత చాలాసేపు ఫోన్లో నవ్వు ఒక్కటే వినిపించింది. పాలపొడివాళ్లు మాత్రం నవ్వలేదట. నౌకలోకి ఎక్కాల్సిన చిన్నపాప ఎక్కలేదు. ఇరవై ఆరో వారం కమాండర్ నౌక బయటికి వెళ్లి యాంటెన్నా సరిచేస్తుండగా తలుపు మూసుకుపోయి, నౌక ఆయన్ను వదిలేసి కదిలింది. తెర మీద "ఇంకా ఉంది" అని పడింది. ఇంకేమీ లేదు. మరుసటి ఆదివారం ఆ సమయానికి ఆ ఛానెల్లోనూ కీళ్లనొప్పుల నూనె వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా ఆవిడ కూడా ఆ రోజు ఇడ్లీ పళ్లాల మాటెత్తలేదు.

నిబంధన ప్రకారం, తప్పు నమోదు దొరికిన ఇంటి అంకెలను ఆ వారాలన్నిటికీ పూర్తిగా కొట్టేస్తారు. గొర్రెలతో పాటు మల్లమ్మ చూసిన చూపు కూడా పోయింది. ఆ ఇంటిని జాబితా నుంచి తీసేశారు. మీటరు విప్పి తేవడానికి నేనే వెళ్లాను. దొడ్డికి కొత్త రేకులు పడ్డాయి, ముందు గది ఖాళీగా ఉంది. సీరియల్ ఆగిపోయిందనీ, అందుకు నా కాగితమే కారణమనీ చెప్పాను.

ఆమె రిమోట్‌ను కొంగుతో తుడిచి మంచం మీద పెట్టింది. "మరి నేను జూసింది?"

"అది గూడ కొట్టేసిండ్రు అవ్వా."

"నువ్వు జూసింది?"

"నాది ఎన్నడు లెక్కల లేదు."

"గట్లయితే నయం నా గొర్లు. అయిదు వారాలన్న లెక్కల ఉన్నయి," అంది. మీటరు నా చేతికిస్తూ, "గా బయట ఉండిపోయినాయన కోసం ఫికర్ జేయకు. మందల ఒకటి ఎనకవడ్తె, ఎవరో ఒకరు నిలవడ్తరు. మాకు గదే అలవాటు," అని కూడా చెప్పింది.

ఆ తర్వాత మీటరు పెట్టే ప్రతి ఇంట్లోనూ బటన్లు మనుషులకు మాత్రమేనని మొదటే చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ వాక్యాన్ని సూచనల కాగితంలోకి కూడా ఎక్కించాను. ఇప్పటికీ అది ఉందని విన్నాను, ఎందుకుందో కొత్తవాళ్లకు తెలియదు. ఇక ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. తప్పు అంకెను కొట్టేయాల్సిందే, కానీ పట్టికలో సున్నా కనిపిస్తే ఎవరూ చూడలేదని చెప్పకూడదు, మా లెక్కలో ఎవరూ లేరని మాత్రమే చెప్పాలి. ఆ సీరియల్‌కు మా ప్రాంతం నుంచి చివరికి నమోదైంది సున్నా. చూసినవాళ్లం ఇద్దరం ఉన్నాం.