మేడమీద నుంచి ఫోను

కృపమణికి భయపడటమంటే ప్రాణం. పొద్దంతా ఎండలో శెనక్కాయలు పీకి వచ్చి, సాయంత్రం టీవీలో ఏదో ఒక దయ్యం సినిమా చూసి, కొంగు నోట్లో కుక్కుకుని వణికితే తప్ప ఆమెకు అన్నం సయించదు. "చూడాకు, చూసినాక నన్ను లేపాకు" అని మొగుడు దాసన్న నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. వింటే కదా మహాతల్లి.

అలాంటి మనిషికి నలభై అయిదో ఏట అదృష్టం పట్టింది. వేంపల్లె బజారులో బట్టల అంగడి మునిరత్నం తన ఏడాదిన్నర కొడుకు తేజేశ్వర్‌ను చూసుకునే పనికి ఆమెను పెట్టుకున్నాడు. నడుం వంచే పని లేదు, నెత్తిన ఫ్యాను. వారంలోనే పిల్లవాడు ఆమె చంక దిగనన్నాడు. వాణ్ణి వదిలి ఇంటికి పోవాలంటే ఆమెకూ కాళ్లు రావు. ఈ పని మాత్రం పోనీయకు దేవా అని రోజూ ప్రార్థన చేసుకునేది.

ఒక శనివారం మునిరత్నం భార్య శ్రీవాసవి కడపలో పెళ్లికి పోతూ గడపలో నిలబడి చెప్పింది.

"కృపమ్మా, మా అత్త మేడమీద పూజలో ఉంటాది. శనివారాలు శానా మడి. నువ్వు మాత్రం మెట్లెక్కాకు. ఎక్కినావంటే ఆయమ్మ నిన్ను పనిలో ఉండనీదు."

"నాకేం పనమ్మా పైన" అంది కృపమణి.

చిక్కేమిటంటే, ముందురోజే ఆమె ఒక సినిమా చూసింది. పెద్ద ఇంట్లో పిల్లల్ని చూసుకునే అమ్మాయికి ఫోన్లు వస్తుంటాయి. ఎత్తితే మాట ఉండదు, ఊపిరి ఒక్కటే. చివరికి చూస్తే ఆ ఫోన్లు చేస్తున్నవాడు అదే ఇంటి మేడమీద ఉంటాడు.

పదకొండు గంటలకు వంటింటి ఫోను మోగింది.

"ఎవురు?"

మాట లేదు. ఊపిరి. తర్వాత టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు.

కృపమణి ఫోను పెట్టేసింది. కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ ఊపిరి, మళ్లీ మూడు దెబ్బలు. ఆమె గుండె దడదడలాడింది. అబద్ధమెందుకు, కొంచెం సంతోషం కూడా వేసింది. సినిమా తనదాకా నడిచొచ్చింది మరి.

అది బయటి ఫోను కాదు. అంగడికీ, వంటింటికీ, మేడకూ కలిపి మునిరత్నం పెట్టించుకున్న ఇంటర్‌కామ్. కృపమణి అంగడి నంబరు నొక్కింది.

"అయ్యా, ఇప్పుడు ఫోను చేసింది మీరేనా?"

"నేనేల చేస్తానమ్మా. గిరాకీ ఉండాది" అని మునిరత్నం పెట్టేశాడు.

అంగడి కాకపోతే ఇక మేడే. పెద్దామె అయితే నోరు తెరిచి మాట్లాడదా? అంటే పైన ఎవడో ఉన్నాడు. పెద్దామె ఒంటరిగా వాడి చేతిలో చిక్కింది. ఎక్కితే పని పోతుంది. ఎక్కకపోతే ప్రాణం పోతుంది, పోయేది తనది కాకపోయినా.

"పోతే పోనీలే పని" అనుకుని పిల్లవాణ్ణి చంకనేసుకుంది, రోకలి చేతబట్టింది, "యేసు రక్తమే జయం" అనుకుంటూ మెట్లెక్కింది.

పైన పెద్దామె రాజ్యలక్ష్మమ్మ పీటమీద కూర్చుని ఉంది, చెవి దగ్గర ఫోను. కృపమణి తలుపు వెనక చూసింది, మంచం కిందకు రోకలి పోనిచ్చి పొడిచింది.

"యాడుండాడు పెద్దమ్మా వాడు?"

పెద్దామె నోరు తెరవబోయి రెండు చేతులతో మూసుకుంది. ఆపైన భుజాలు కదిలాయి, పొట్ట కదిలింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. చప్పుడు లేని నవ్వు. పిల్లవాడు అవ్వను చూసి కేరింతలు కొట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది కృపమణికి మడి. గబగబా కిందికి దిగి, తన సద్దిగిన్నె మూటగట్టుకుని కూర్చుంది.

దీపాల వేళకు శ్రీవాసవి వచ్చింది. కృపమణి తానే అంతా చెప్పింది. శ్రీవాసవి ముఖం మాడిపోయింది. అంతలో పెద్దామె కిందికి దిగి, దీపం ముట్టించి, పొద్దుటి నుంచి తెరవని నోరు తెరిచింది.

"వాసవీ, నాకు మౌనవ్రతమని ఈయమ్మకు చెప్పలేదా?"

మనవడి ఆరోగ్యం కోసం అహోబిలం స్వామికి మొక్కుకున్న పదకొండు శనివారాల మౌనం అది, సాయంత్రం దీపం ముట్టించేదాకా. ఫోనుమీద ఒక దెబ్బయితే నీళ్లు, రెండయితే పాలు, మూడయితే పిల్లవాణ్ణి మెట్ల కింద నిలబెట్టి చూపించాలి. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఎవరూ చెప్పలేదు.

"ఆరు వారాలుగా కొడతాండా. నీళ్లు మెట్టుమీద పెట్టి పోతాండారు. ముసల్ది ఎట్లుందోనని ఒక్కరన్నా పైకొచ్చినారా? నాకోసరం రోకలెత్తుకొని వచ్చింది ఈయమ్మే. నీళ్లు పోసుకుంటే మడి మళ్లా వస్తాది. ఇట్లాంటి మనిషి మళ్లా రాదు."

కృపమణి మూట విప్పేసి, పిల్లవాణ్ణి ఎత్తుకుని ఏడ్చేసింది.

మరుసటి శనివారం ఫోనులో నాలుగు దెబ్బలు వినిపించాయి. ఆ లెక్క పెద్దామె కొత్తగా నేర్పింది. పైకొచ్చి సినిమా కత చెప్పమని దాని అర్థం. కృపమణి పిల్లవాణ్ణి ఎత్తుకుని పైకి పోయి, గుమ్మం ఇవతల కూర్చుని మొదలుపెట్టింది. కతలో ఫోను మోగగానే రాజ్యలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, మొక్కు చెడకుండా.