బీరమ్మ దాటని రాయి

మక్తల్ ఊరు నలుదిక్కులా పెరిగింది గానీ నడుమనున్న బీరప్ప దేవుడి వనాన్ని మాత్రం ముట్టుకోలేదు. తాతల తాతల నాటి నారేప చెట్లు, చండ్రలు, మద్దులు. ఏ కులంవాళ్లయినా, ఏ మతంవాళ్లయినా వచ్చి నీడన కూచోవచ్చు, రాలిన పుల్లలు ఏరుకోవచ్చు. కత్తి, గొడ్డలి పెట్టరాదు. పెట్టినవాళ్లు హద్దురాయి దాటి మళ్లీ జన్మలో లోపలికి రారాదు. ఇదీ కట్టుబాటు.

వనం కాపలా కురుమ బీరమ్మది. మగడు బీరన్న సమాధి లోపలే ఉంది. పొద్దుగూకే వేళ అక్కడ దీపం పెట్టందే ఆమె ముద్ద ముట్టేది కాదు. ఇక నోరంటారా, అబ్బో! పచ్చిపుల్ల విరిచినవాణ్ణి ఏడు తరాలదాకా తిట్టిపోసేది.

యుద్ధం రోజులు. పెట్రోలు కరువై బస్సులు కట్టెబొగ్గుతో నడుస్తున్నాయి. బొగ్గు గుత్తేదారు మారయ్య కన్ను వనం మీద పడింది, చెట్లు కొట్టుకుంటానని అర్జీ పెట్టాడు. ఇది గొడ్డలి ఎరగని జాగా అని ఊరి పెద్దలు తహసీల్దారు ముందు ప్రమాణం చేశారు. కట్టుబాటు నిజమైతే వనం ఉంటుందనీ, అబద్ధమైతే కొట్టిస్తాననీ ఆయన తేల్చిచెప్పాడు.

మర్నాడు అందరూ వనం చూడటానికి బయల్దేరారు. బీరమ్మ మాత్రం తేలుకుట్టిన దొంగలా నోరు మెదపలేదు. కిందటి కరువులో మేకలు ఒక్కొక్కటే కూలుతుంటే, మేతకని కొడవలితో ఒక నారేప కొమ్మ కొట్టింది. ఒక్కటంటే ఒక్కటే. గాటు మీద మట్టి మెత్తి, ఏడాదిగా ఊరందరినీ తిడుతూ తిరుగుతోంది.

మారయ్య చెట్టుచెట్టూ తడిమాడు. సమాధి పక్క నారేప దగ్గర ఆగి గోటితో మట్టి గీకాడు. నున్నటి కోత బయటపడింది.

"చూసిన్రా సాబ్? వీళ్ల కట్టుబాటు ఉత్త ముచ్చట."

పెద్దల మొహాల్లో నెత్తురుచుక్క లేదు. తహసీల్దారు కలం తీశాడు. బీరమ్మ నోరు మూసుకుంటే వనం పోతుంది. తెరిస్తే బీరన్న దగ్గరికి దారి పోతుంది.

"నేనే కొట్టిన సాబ్," అంది. "మేకలు సస్తుంటే కొడవలి పెట్టిన. తప్పు నాది. కట్టుబాటు అబద్ధం గాదు."

సమాధిని ఒక్కసారి తడిమింది. నూనెబుడ్డి ఆడబిడ్డ బక్కమ్మ చేతిలో పెట్టింది. ఎవరూ పొమ్మనకుండానే నడిచివెళ్లి హద్దురాయి అవతల కూచుంది. ఒక్క కొమ్మకే ఇంత శిక్షా అని పెద్దలే బతిమాలారు. తహసీల్దారు రాయిదాకా వచ్చి, ఇది సర్కారు హుకుం, లోపలికి రమ్మని గద్దించాడు.

"జైల్లెయ్యున్రి సాబ్. రాయి దాటను."

ఆయన అక్కడికక్కడే మారయ్య అర్జీ మీద అడ్డంగా గీత కొట్టి గుర్రమెక్కాడు.

బతికినన్నాళ్లూ బీరమ్మ రాయి అవతలే కూచుని కాపలా కాసింది. తిట్లూ తగ్గలేదు. చెట్లు దట్టం, సమాధి దగ్గరి దీపం అక్కడికి కనబడదు. రోజూ పొద్దుగూకాక బక్కమ్మ తిరిగొచ్చి, "పెట్టిన వదినా" అన్నాకే ఆమె ముద్ద ముట్టేది.