కోడుమూరులో మార్తమ్మ ఓటు

కోడుమూరు కిరాణా వ్యాపారి కేశవయ్య శెట్టికి అరవై ఆరేళ్లు వచ్చినా ఏ విషయం మీదా సొంత అభిప్రాయమంటూ లేదు. ఉన్నదంతా మార్తా ఎల్‌డ్రిడ్జ్ అభిప్రాయమే. ఈ మార్తా ఎల్‌డ్రిడ్జ్ అమెరికా ప్రతినిధుల సభలో మెంబరు. ముప్పై ఏళ్లుగా గెలుస్తూ వస్తున్న ముసలావిడ, పేదల పక్షమని పేరు. కోడుమూరు అనే ఊరొకటి ఉందని ఆవిడకు తెలియదు. ఆవిడ ఏ రోజున ఏ బిల్లు మీద ఏ ఓటు వేసిందో మాత్రం కోడుమూరులో అందరికీ తెలుసు. కావాలని తెలుసుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఉప్పో పప్పో కొనబోయి తెలుసుకున్నవాళ్లే.

"శెట్టీ, కందిబ్యాళ్లు ఒక కిలో ఇయ్యి."

"ఇస్తా గానీ హనుమన్నా, మందుల ధరల బిల్లు మీద మార్తమ్మ ఏమేసిందో తెలుసునా?"

"తెల్దు. నాకు తొందరుండాది."

"ఎస్ ఏసింది! షుగరు జబ్బు సూదిమందు ఒక రేటు దాటి అమ్మగూడదని. కంపెనీలోళ్లు ఎంత మొత్తుకున్నా ఇనలేదప్పా."

"మంచి పని చేసింది. బ్యాళ్లు?"

"ఉండప్పా, సెనేట్‌లో ఏమైందో ఇనవా?"

సెనేట్‌లో ఏదో ఒకటి తేలేలోపు హనుమన్న ఎదురంగట్లో కందిపప్పు కొని, ఇంట్లో ఇచ్చి, పొలానికి పోయి కూడా ఉండేవాడు.

ఈ తిక్కకు మూలం కొడుకు ప్రదీప్‌కుమార్ కొనిచ్చిన ఫోను. అమెరికాలో బుడ్డల ధర, అంటే వేరుశనగకాయల ధర, ఎంతుందో చూద్దామని వెతికితే, వేలు ఎక్కడ తగిలిందో ఏమో, మార్తా ఎల్‌డ్రిడ్జ్ ఓట్ల పట్టిక తెరుచుకుంది. కూలీల కనీస వేతనం పెంచాలి: ఎస్. బడిపిల్లలందరికీ ఉచిత భోజనం: ఎస్. ఎక్కడో యుద్ధానికి పోదాం: నో. ముప్పై ఏళ్ల ఓట్లు, తారీఖులతో సహా. కేశవయ్య పట్టిక చివరిదాకా చదివాడు. "మనిషి ఏమి మాట్లాడినాడు అనేది ఇడిసిపెట్టప్పా. చెయ్యి ఎప్పుడెత్తినాడో చూడాల" అని ఆ రోజే అంగట్లో ప్రకటించాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. పట్టికనంతా ఫోనే తెలుగులోకి మార్చి పెట్టేది. ఆ తెలుగులో సభ 'ఇల్లు' అయింది, సభామందిరం 'నేల' అయింది, పార్టీ విప్ 'కొరడా' అయ్యాడు. "కొరడా ఎంత బెదిరించినా మార్తమ్మ ఇంట్లో నేల మీద నిలబడి నో ఏసింది" అని కేశవయ్య చెబుతుంటే, వినేవాళ్లకు అమెరికా ఆడవాళ్ల మీద జాలి కలిగేది.

"మామా, ఫ్లోర్ అంటే నేల కాదు, సభ" అని కోడలు సుచరిత నెత్తి కొట్టుకునేది. ఆమెది కడప. కోడుమూరులోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఎర్రపెన్ను లేకుండా శుభలేఖ కూడా చదవదు. సొంత పెద్దమ్మ మనవడిని ఒక్క మార్కుతో ఫెయిల్ చేసి, ఆ పెద్దమ్మ ఇంట్లో పెండ్లికి ధైర్యంగా పోయివచ్చిన మనిషి. అబద్ధమాడదని ఊళ్లో పేరు. అందుకే మామ తప్పుల తడక ఆమెకు గిట్టేది కాదు.

ఊళ్లో మార్తమ్మకు అసలైన భక్తురాలు ఓబులమ్మ ఒక్కతే. వర్తక సంఘం మేడ గోడ పక్కన పద్దెనిమిదేళ్లుగా బొరుగుల ఉగ్గాని, బజ్జి అమ్ముతుంది. మార్కెట్టు హమాలీలు తెల్లవారి ఆమె బండి దగ్గర తిననిదే మూట ఎత్తరు. ఆమె చెవికి మార్తమ్మ అన్న పేరు మారెమ్మ అని వినపడింది. మారెమ్మ ఓట్లు ఎందుకు వేస్తుందని ఆమె అడగలేదు. కేశవయ్య ఆ పేరెత్తినప్పుడల్లా గరిటె పక్కన పెట్టి దండం పెట్టుకునేది. కేశవయ్య అది అమెరికా ప్రజాస్వామ్యం మీద గౌరవమనుకుని పొంగిపోయేవాడు.

ఇంట్లోనూ ఇదే వరస. పనిమనిషి ఆదివారం సెలవు అడిగింది. కేశవయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ కుదరదంది.

"ఆదివారం సెలవు బిల్లు మీద మార్తమ్మ ఎస్ ఏసింది" అన్నాడు కేశవయ్య.

"అయితే ఆదివారం ఆయమ్మొచ్చి గిన్నెలు తోముతాదా?"

"ఆయమ్మ ఓటేస్తాది. తోమేది నేను."

అన్నట్టే ప్రతి ఆదివారం దొడ్లో పీట వేసుకుని తోమేవాడు. గిన్నెలకు అంటుకున్న సబ్బు మళ్లీ కడగడం రాజ్యలక్ష్మమ్మ వంతు. ఆమెకు ఆ అమెరికా ముసలమ్మ పేరు వింటే ఒళ్లు మండేది.

ఇట్లా ఉండగా వర్తక సంఘం అధ్యక్షుడు భూపేష్ రెడ్డికి ఒక కోరిక పుట్టింది. ఎరువుల వ్యాపారి, చెడ్డవాడేమీ కాదు, తాత మీద ప్రేమ జాస్తి. సంఘం మేడ ముందు తాత పేరుతో ఆర్చి కట్టిస్తానన్నాడు. ఆర్చికి రెండు స్తంభాలు కావాలి గదా. రెండో స్తంభం సరిగ్గా ఓబులమ్మ బండి నిలబడే చోట పడింది. ఆదివారం మీటింగులో తీర్మానం చేసి సోమవారం బండి తీయించాలని అనుకున్నారు.

శనివారం ఓబులమ్మ అంగడికి వచ్చింది.

"శెట్టీ, సోమారం నుంచి బండి యాడ పెట్టుకోవాల? బస్టాండు కాడ ఇప్పుడికే నాలుగు బండ్లుండాయి. నన్ను రానిస్తారా? హమాలీలు అంత దూరం యాడొస్తారు? నా బతుకు ఆ గోడ కాడే ఉండాది."

కేశవయ్య బియ్యం గోనె మూతి బిగించి కట్టాడు. "ఏడవద్దమ్మా. మార్తమ్మ ఏమంటాదో చూద్దాం" అన్నాడు.

ఓబులమ్మ దండం పెట్టుకుని పోయింది. అక్కడే బిస్కెట్ల డబ్బా సర్దుతున్న సుచరితకు ఒళ్లు మండిపోయింది. ఒక మనిషి బతుకు పోతుంటే ఈయనకు అమెరికా కావాల్సి వచ్చిందా అనుకుంది.

ఆదివారం పొద్దున మామను స్కూటరు మీద మీటింగుకు దింపింది సుచరితే. ఆయనకు స్కూటరు రాదు. మీటింగు అరగంటలో అయిపోతుందని చెబితే, మేడ మీద వెనక కుర్చీలో కూర్చుంది. నలభై మంది వర్తకులు వచ్చారు. అందులో ముప్పై మంది మూతులకు ఇంకా ఓబులమ్మ బజ్జి నూనె ఉంది. ఓబులమ్మ మెట్ల దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

భూపేష్ తీర్మానం చదివి, "ఎవురన్నా ఏమన్నా చెప్పేదుండాదా?" అన్నాడు.

ఎవరూ నోరు మెదపలేదు. అడ్డం చెప్పాలని లేక కాదు. ఆ ఊళ్లో మనిషి అవునన్నా కాదన్నా ముందు అడిగే మాట ఒకటే, 'ఈడు ఎవురి మనిషి?' బండి ఉండనీ అన్నవాడు భూపేష్‌కు పడని వర్గంలో కలిసినట్టు సాయంత్రానికల్లా ఆలూరు దాకా తెలిసిపోతుంది. అందుకని వర్తకులంతా పైనున్న ఫ్యాను ఎట్లా తిరుగుతుందో పరిశీలిస్తున్నారు.

కేశవయ్య లేచాడు. "రోడ్డు పక్క బండ్లోళ్ల బిల్లు మీద మార్తమ్మ ఏమేసిందంటే..."

సభ మొత్తం మూలిగింది.

"మూలగొద్దండప్పా. పదేండ్లు దాటి ఒకే చోట నిలబడిన బండిని కదిలియ్యాలంటే, ఆ బండి మనిషి ఒప్పుకోవాల అనింది. ఒప్పుకోకపోతే స్తంభమే జరగాల అనింది."

"స్తంభం గూడా అనిందా?" అన్నాడు భూపేష్.

"స్తంభం గూడా."

"శెట్టీ, ఆయమ్మ నిజంగా అట్లంటే నేను కాదనను. అమెరికాకంటే పెద్దోన్నా? కానీ నీ నోట వద్దు. మీ కోడలు ఈడే ఉండాది. ఆ మేడం అబద్ధమాడదు. ఫోను చూసి చదవమను."

నలభై తలలు వెనక్కి తిరిగాయి. కేశవయ్య ముఖం గోడకు కొట్టిన సున్నంలా తెల్లబోయింది. ఫోను ఇవ్వడానికి రెండు జేబులూ మూడుసార్లు వెతికాడు, చేతిలోనే ఉన్నా.

సుచరిత పట్టిక తెరిచింది. కూలీల వేతనాలు ఉన్నాయి. సూదిమందు ఉంది. బడిపిల్లల భోజనం ఉంది. యుద్ధం వద్దన్న ఓటు ఉంది, అంత పెద్ద సభలో పట్టుమని పదిమందితో కలిసి వేసింది. బండ్ల బిల్లు లేదు. ఇంకా వెతికింది. ఆదివారం సెలవు బిల్లూ లేదు. అప్పుడు ఆమెకు ఒక అనుమానం వచ్చి, వేలితో గబగబా కిందికి తోసుకుంటూ పోయింది.

ఆరేళ్ల కిందట కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, కోడలు ఉద్యోగానికి పోవడమేమిటని రాజ్యలక్ష్మమ్మ పట్టుబట్టింది. అమెరికా సభలో అవునూ కాదూ కాకుండా, హాజరు మాత్రం చెప్పే ఓటొకటి ఉంది. ప్రదీప్‌కుమార్‌ది పుట్టినప్పటి నుంచీ అదే ఓటు, ఆ రోజూ అదే వేశాడు. అప్పుడు మామే, "కోడండ్ల ఉద్యోగాల బిల్లు మీద మార్తమ్మ ఎస్ ఏసింది. నాలుగు ఓట్లతో నెగ్గింది" అన్నాడు. రాజ్యలక్ష్మమ్మ కోపమంతా ఆ మార్తమ్మ మీదికి పోయింది. కోడలి మీదికి రాలేదు. సుచరిత మరుసటి రోజే కాలేజీలో చేరింది.

ముప్పై ఏళ్ల పట్టికలో కోడండ్ల ఉద్యోగాల బిల్లు ఎక్కడా లేదు.

సుచరితకు మామ మీద ఇన్నేళ్లూ విసుక్కున్నందుకు సిగ్గేసింది. ఆయన మీద పట్టలేనంత ప్రేమ కూడా కలిగింది. లేచి నిలబడి, కాలేజీ గొంతు తెచ్చుకుని, ముందు ఇంగ్లీషులో రెండు నిమిషాలు గడగడా చదివింది. అది ఇంటర్ పిల్లలకు ఆరేళ్లుగా చెబుతున్న తేనెటీగల పాఠం. వర్తకులు శ్రద్ధగా తలలూపారు. తర్వాత తెలుగులో చెప్పింది.

"పదేండ్లు దాటిన బండిని కదిలించకూడదు. స్తంభం పది అడుగులు జరపాల. మార్తా ఎల్‌డ్రిడ్జ్: ఎస్."

"బిల్లు నంబరు?" అన్నాడు భూపేష్.

"యాభై ఒకటి, ఎనభై నాలుగు."

ధాన్యం వ్యాపారి పెద్ద ఈరన్న మెల్లగా చెయ్యెత్తాడు. "నేను ఎవురికీ ఇరోధం కాదప్పా. ఎవురి మనిషినీ కాదు. మార్తమ్మ పక్క, అంతే."

"నేనూ మార్తమ్మ పక్కే" అన్నాడు ఇంకొకడు. చూస్తుండగానే ముప్పై తొమ్మిది చేతులు లేచాయి. భూపేష్ వాటిని చూసి, మెట్ల దగ్గర ఓబులమ్మను చూసి నవ్వేశాడు. "అమెరికాలోనే జరిపినారంటే మనదేముండాదిలే! మా తాతకు గూడా బజ్జీలంటే ప్రాణం" అని తనూ చెయ్యెత్తాడు.

ఓబులమ్మ కేశవయ్యకు అడ్డం వచ్చి కళ్లు తుడుచుకుంది. "శెట్టీ, ఆ తల్లికి పొట్టేలు ఇస్తానని మొక్కుకుంటి. ఎప్పుడియ్యాల?"

"ఆయమ్మ కూరగాయలే తింటాదమ్మా. ఇంకో రెండు బజ్జీలు జాస్తి ఎయ్యి, చాలు" అని తప్పించుకుని కిందికి దిగాడు.

మెట్లు దిగుతూ సుచరిత అడిగింది. "మామా, నా ఉద్యోగం బిల్లు కూడా మీరే పాస్ చేసినారా?"

"అది..." కేశవయ్య మెడ రుద్దుకున్నాడు. "అది కమిటీలో అయిపోయింటాదమ్మా. పట్టికలోకి రాదు."

"మీ పేరుతోనే చెప్పొచ్చు గదా ఇవన్నీ!"

"నేను చెప్తే కేశవయ్య శెట్టి చెప్పినట్ల. ఈయప్ప ఏ పార్టీ, వెనక ఎవురుండారు అంటారు. మీ అత్త గూడా కోడలి పక్క చేరినావా అంటాది. ఆయమ్మ మన జిల్లాలో ఎవురికీ సుట్టం గాదు, ఎవురికీ పగ గాదు. ఆయమ్మ మాట ఇంటే ఎవురికీ తల వంపు లేదమ్మా." కోడలి వైపు అనుమానంగా చూశాడు. "అది సరే గానీ, బిల్లు నంబర్లు అట్ల రెండ్రెండు అంకెలుగా చదవరే? ఆ నంబరు యాడ పట్టినావు?"

సుచరిత తాళం చెవి తీసి, గోడ పక్కన నిలబెట్టిన తమ స్కూటరు వైపు చూపించింది. కేశవయ్య స్కూటరు వెనక్కి పోయి నంబరు ప్లేటు చదివి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మేడ మీది నుంచి భూపేష్ తొంగిచూశాడు. "శెట్టీ, ఆ బిల్లు నంబరు నేను రోజూ యాడనో చూస్తాండానప్పా!"

కేశవయ్య ఒక్క ఉదుటున భుజం మీది కండువా తీసి నంబరు ప్లేటుకు చుట్టి ముడివేసి, వెనక సీటు ఎక్కి కోడలి వీపు తట్టాడు.

"పోనీ తల్లీ, తొందరగా పోనీ."